నట్లు, బోల్టులతో ‘లాస్ట్ సప్పర్’: ముఖాలు ఎందుకు కుదరడం లేదు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బీఎఫ్‌ఏ చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం 6×4 అడుగుల ప్లైవుడ్ మీద ఎం10 నట్లు అతికించి లియొనార్డో డావిన్చి ‘లాస్ట్ సప్పర్’ (పన్నెండుమంది శిష్యులతో యేసు చివరి భోజనం) మొత్తం చేయాలనుకున్నారు. కంప్యూటర్‌లో గళ్ళుగా మార్చి చూస్తే బాగుంది. అడుగు ముక్క నిజంగా చేసి చూస్తే ఏది ముఖమో, ఏది చెయ్యో తెలియడం లేదు, ఫోన్ కెమెరాలో చూస్తే మాత్రం బాగా కనిపిస్తోంది. నాన్నగారు ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు కాబట్టి ఇనుముకి కొదవ లేదు. దీనికి తోడు మీ సార్ ‘ఎవరో వేసిన బొమ్మని నట్లతో పేర్చితే అందులో నీది ఏముంది’ అన్నారు. మీకు టెన్షన్ పట్టుకుంది.

నేను గాజువాకలో 22 ఏళ్ళుగా ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్నాను. అందులో పదిహేనేళ్ళుగా ఇనుముతో బొమ్మలు కూడా చేస్తున్నాను. మీ చేతిలో లోపం లేదు. మీరు ఎంచుకున్న బొమ్మకీ, ఎంచుకున్న వస్తువుకీ పొత్తు కుదరలేదు, అంతే.

ముందు లెక్క చూద్దాం. ఎం10 నట్టు ఒక అంచు నుంచి ఎదురు అంచుకి 17 మిల్లీమీటర్లు. తేనెపట్టులా దగ్గర దగ్గరగా పేర్చితే 6×4 అడుగుల బోర్డుకి దాదాపు 8,800 నట్లు పడతాయి. ఎనిమిది వేల గళ్ళంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ మిలాన్ నగరంలో సాంతా మరియా డెల్లే గ్రాత్సియే మఠం భోజనశాల గోడ మీద ఉన్న అసలు చిత్రం 8.8 మీటర్ల వెడల్పు, 4.6 మీటర్ల ఎత్తు. దాన్ని ఆరడుగులకి కుదిస్తే దాదాపు ఐదో వంతుకి వస్తుంది. గోడ మీద ముఖాలు మామూలు మనిషి తల కంటే పెద్దవే, అయినా మీ బోర్డు మీద ఒక్కొక్కటి ఏడెనిమిది సెంటీమీటర్లకి మించదు. అంటే ముఖం ఎత్తుకి ఐదు నట్లు. ఐదు నట్లలో కళ్ళు, ముక్కు, నోరు, గడ్డం ఎవరి వల్లా కావు. కంప్యూటర్ తెర మీద బాగుందంటే కారణం ఉంది. ఆ బొమ్మ మనందరికీ తెలుసు, ఎన్నో క్రైస్తవ ఇళ్ళలో భోజనాల బల్ల పైన గోడకి ఉంటుంది. కంటికి ఆనని ముఖాలని మన జ్ఞాపకం పూరిస్తుంది. పైగా తెర మీద గడికి ఏ ఛాయ కావాలంటే ఆ ఛాయ వస్తుంది. నట్టుకి రాదు.

ఇదే చిత్రాన్ని అమెరికన్ కళాకారిణి డెవోరా స్పెర్బర్ 2005లో కుట్టుదారం రీళ్ళతో చేశారు. 20,736 రీళ్ళు పట్టాయి, వెడల్పు దాదాపు 29 అడుగులు. మోనాలిసాకి ఆమె వాడినవి 5,184. ఒక్కరి ముఖానికి ఐదు వేలు, పదమూడు మందికి ఇరవై వేలు. ఈ నిష్పత్తి గుర్తుపెట్టుకోండి. ఆమె బొమ్మని తలకిందులుగా వేలాడదీసి, ఎదురుగా గాజులా పారదర్శకమైన అక్రిలిక్ గోళం పెట్టారు. నేరుగా చూస్తే రంగురంగుల రీళ్ళ గుంపు మాత్రమే కనిపిస్తుంది. గోళంలోంచి చూస్తే బొమ్మ నిటారుగా, చిన్నగా, స్పష్టంగా కనిపిస్తుంది. చిన్నదైతే గళ్ళు కలిసిపోతాయి, ముఖం బయటపడుతుంది. మీరు ఫోన్ కెమెరాలో చూసినప్పుడు బాగా కనిపించడానికీ ఇదే కారణం.

‘దూరంగా నిలబెడితే సరిపోతుంది కదా’ అని కింద ఒకరు రాశారు. పూర్తిగా సరిపోదు. ఆరోగ్యమైన కన్ను మీటరు దూరంలో దాదాపు 0.3 మిల్లీమీటర్ల తేడాని పట్టగలదు. ఆ లెక్కన 17 మిల్లీమీటర్ల నట్టు కంటికి పూర్తిగా కరిగిపోవాలంటే 55 మీటర్లకి పైగా వెనక్కి వెళ్ళాలి. మీ కాలేజీ హాలు అంత ఉండదు. అయితే ముఖాన్ని గుర్తుపట్టడానికి గళ్ళు పూర్తిగా కరగనక్కర్లేదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో లియన్ హార్మన్ 1973లో అబ్రహాం లింకన్ ముఖాన్ని కొన్ని వందల గళ్ళతోనే చూపించాడు. కళ్ళు చికిలించి చూస్తే లింకన్ ఇట్టే కనిపిస్తాడు. కానీ అక్కడ ప్రతి గడికీ సరైన ఛాయ ఉంది. ఛాయలు సరిగ్గా పడితే తక్కువ గళ్ళతో కూడా ముఖం నిలబడుతుంది, తప్పితే పది వేలు పెట్టినా నిలబడదు.

మీ అడుగు ముక్క ఫోటోలో నాకు కనిపించింది రెండే ఛాయలు. నట్టు వెండి రంగు, నట్టు మధ్య చిల్లు నలుపు. మీకు కావలసినవి కనీసం ఏడెనిమిది.

లియొనార్డో బొమ్మకి ఇది మరీ ముఖ్యం. ఆయన ముఖానికి గీత గీయడు. వెలుగు నీడలోకి ఎక్కడ జారిందో తెలియకుండా పొగలా కలుపుతాడు. ఇటాలియన్‌లో దాన్ని స్ఫుమాటో అంటారు, ‘పొగ’ అనే మాట నుంచి వచ్చింది. మోనాలిసా ముఖం మీది పొరలని 2010లో ఎక్స్‌రేలతో కొలిచారు. ఒక్కొక్క పొర ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అన్నీ కలిపినా 30–40 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం కంటే తక్కువ. అలాంటి పనిని 17 మిల్లీమీటర్ల నట్టుతో చేయమంటున్నారు మీరు.

అదే కాలపు ఇటాలియన్ చిత్రకారుడు బొత్తిచెల్లి వేరు. ఫ్లోరెన్స్‌లో ఉఫీత్సి మ్యూజియంలో ఉన్న ఆయన ‘వీనస్ పుట్టుక’లో బొమ్మంతా గీత మీద నడుస్తుంది: జుట్టు పాయలు, ఒంటి అంచు, బట్ట మడతలు. దాన్ని 6 ఎంఎం రాడ్డు వంచి, బైండింగ్ వైరు చుట్టి చేయవచ్చు, చాలా అందంగా వస్తుంది. బ్రెజిల్ కళాకారుడు విక్ మునీజ్ 2008లో ఇదే బొమ్మని తుక్కుతో చేశారు. పెద్ద షెడ్డు నేల మీద పాత సామాను పరిచి పైనుంచి ఫోటో తీయడం ఆయన పద్ధతి. ఆ వరుస బొమ్మల్లో ఆయన మనిషి ఒంటిని తుక్కుతో నింపరు. ఒంటి భాగం నేలనే వదిలేసి చుట్టూ తుక్కు పోస్తారు. చెత్త నీడ అవుతుంది, ఖాళీ నేల వెలుగు అవుతుంది. మీ అడుగు ముక్కలో మీరు ముఖాన్నీ, నేపథ్యాన్నీ ఒకే నట్లతో నింపారు. అందుకే రెండూ ఒకదానిలో ఒకటి మునిగిపోయాయి.

ఇదే మునీజ్ 1997లో ‘లాస్ట్ సప్పర్’ని చాక్లెట్ సిరప్‌తో వేశారు. నవ్వులాటకి చేసిన పనిలా వినిపిస్తుంది కానీ దాని వెనక మంచి ఆలోచన ఉంది. సిరప్ పలచగా పూస్తే లేత గోధుమ రంగు, మందంగా పోస్తే దాదాపు నలుపు. ఒకే వస్తువు వెలుగు నుంచి నీడకి మెల్లగా జారగలదు. లియొనార్డోకి కావలసింది అదే. కాబట్టి మీరు వెతుక్కోవాల్సింది ఇంకా చిన్న నట్లని కాదు, పలచగానూ మందంగానూ పడగల ఇనుముని.

అది మీ నాన్నగారి లేత్ కింద రోజూ పోగుపడుతోంది.

పోతఇనుముని, అంటే కాస్ట్ ఐరన్‌ని లేత్ మీద తిప్పి చెక్కితే చుట్టలు రావు, నల్లటి పొడి రాలుతుంది. దానిలో గ్రాఫైట్ ఉంటుంది కాబట్టి బొగ్గు పొడిలా ఉంటుంది. మైల్డ్ స్టీల్ తిప్పితే పొడవాటి చుట్టలు వస్తాయి. కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం పోస్తూ తీస్తే అవి వెండిలా తెల్లగా వస్తాయి. కార్బైడ్ టూల్‌తో, కూలెంట్ లేకుండా కాస్త వేగంగా తీస్తే వేడికి గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం వరకు తిరుగుతాయి. ఇది పెయింటు కాదు, ఇనుము మీద వేడికి ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొర రంగు. సుమారు 220 డిగ్రీల దగ్గర గడ్డి రంగు, 260 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. మనిషి ఒంటి రంగుకి గడ్డి రంగు, గోధుమ కంటే ఏం కావాలి? చెంప నీడకి ఊదా, బట్టకి నీలం. ఇత్తడి తిప్పితే బంగారు రవ్వలు, అల్యూమినియం తిప్పితే తెల్లటి రవ్వలు. ఒక్క షెడ్డులో మీకు పూర్తి రంగుల పలక ఉంది. వేరే ఊళ్ళో విద్యార్థులకి ఇది దొరకదు.

పొడి చల్లడం మన చేతికి కొత్త కాదు. ముగ్గు వేసిన చేతికి వేళ్ళ మధ్య నుంచి పొడిని ఎంత వదలాలో తెలుసు. ముఖం పడే చోట బోర్డుకి మెరుపు లేని లేత గోధుమ రంగు వేయండి. ఆలస్యంగా గట్టిపడే ఎపాక్సీని (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) బ్రష్‌తో చాలా పలచగా రాసి, టీ వడకట్టే జల్లెడతో పోతఇనుము పొడిని చల్లండి. పలచగా పడిన చోట కింది రంగు కనిపించి వెలుగవుతుంది, మందంగా పడిన చోట నీడవుతుంది. ఒక పొర గట్టిపడ్డాక విదిలించి, ఇంకా నీడ కావలసిన చోట రెండో పొర వేయండి. మూడు నాలుగు పొరల్లో ముక్కు పక్క నీడ, కనుగుంట, పెదవి కింది నీడ వస్తాయి. తొందరపడితే మసి పూసినట్టు అవుతుంది. రోజుకి ఒక పొర చాలు.

తెల్ల ఫెవికాల్ మాత్రం వద్దు. దానిలో నీళ్ళు ఉంటాయి. తెల్లారేసరికి ఇనుప పొడి తుప్పు పట్టి ముఖం పసుపు మరకలు తేలుతుంది. తుప్పు రంగే కావాలనుకున్న చోట, గడ్డానికో చెక్క బల్లకో, కావాలనే ఫెవికాల్ వాడి, కావలసినంత తుప్పు వచ్చాక ఆరబెట్టి, పారదర్శకమైన పూత లక్కర్ కొట్టి ఆపేయండి. అది నేను చాలాసార్లు చేశాను, బాగుంటుంది.

పొడి, చుట్టలు వాడే ముందు ఒక పూట కిరోసిన్‌లో నానబెట్టి, సబ్బు నీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టాలి. కటింగ్ ఆయిల్ మిగిలితే ఎపాక్సీ పట్టదు, నెల రోజుల్లో రాలుతుంది. చుట్టలు బ్లేడులా కోస్తాయి, పేర్చేటప్పుడు చేతికి గ్లవ్స్ తప్పనిసరి. కానీ తిరుగుతున్న లేత్ దగ్గరికి గ్లవ్స్‌తో వెళ్ళకండి, చుట్ట గ్లవ్‌ని పట్టుకుంటే చెయ్యిని లాగేస్తుంది. ఈ సంగతి మీ నాన్నగారికి తెలుసు, మీకు తెలియాలని రాస్తున్నాను. జింక్ పూత ఉన్న నట్లని రంగు కోసం టార్చితో కాల్చడం, వాటి మీద వెల్డింగ్ పెట్టడం కూడా చేయకండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. అల్యూమినియం, ఇనుము ఒకే గ్రైండరు మీద రుద్దడం కూడా నిప్పుతో ఆటే.

ఇక వెలుగు గురించి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. పదిహేనేళ్ళ కిందట ఒక ఇంజినీరింగ్ కాలేజీ వరండా కోసం స్టెయిన్‌లెస్ వాషర్లతో మోనాలిసా చేశాను. మా షెడ్డులో ఒకే షట్టరు వైపు నుంచి పగటి వెలుగు పడుతుంది. అక్కడ ఆవిడ నిజంగా నవ్వింది, మా వాళ్ళందరూ పని ఆపి చూశారు. కాలేజీకి తీసుకెళ్ళి తగిలిస్తే పైన వరసగా లైట్లు. ఒక్కో వాషరు ఒక్కో అద్దమైంది. ముఖమంతా తళతళలాడి, నవ్వూ లేదు, ముక్కూ లేదు. మెరిసే లోహానికి సొంత ఛాయ ఉండదు, ఎదురుగా ఉన్నది దానిలో కనిపిస్తుంది. ఆ రాత్రే దింపి, మూడు రోజులు మ్యాట్ లక్కర్ కొట్టి మళ్ళీ తగిలించాను. అప్పటి నుంచి బొమ్మ ఎక్కడ పెడతారో ఆ గోడ చూడకుండా పని మొదలుపెట్టలేదు. లియొనార్డో కూడా గోడని చూసే వేశాడు. ఆ భోజనశాలలో కిటికీలు ఎడమ పక్కన ఉన్నాయి, చిత్రంలో వెలుగు కూడా ఎడమ నుంచే పడుతుంది. మీ హాలులో కిటికీ ఎటు ఉందో, లైట్లు ఎక్కడ ఉన్నాయో ఇవాళే వెళ్ళి చూసి రండి. వేడి రంగులు ఉన్న చుట్టల మీద మాత్రం లక్కర్ మందంగా కొట్టకండి, రంగు చప్పబడుతుంది. మైనం పలచగా పూస్తే చాలు.

విశాఖలో మనకి ఇంకో చిక్కు, సముద్రపు గాలి. ఇత్తడి, ఇనుము ఒకదానికొకటి ఆనుకుని ఉప్పు తేమలో ఉంటే ఇనుముని తుప్పు మామూలు కంటే వేగంగా తింటుంది. ఒక బొమ్మలో ఇత్తడి స్క్రూలు, మైల్డ్ స్టీల్ నట్లు కలిపి వాడాను. ఒక్క వానాకాలానికి బుగ్గ మీద తుప్పు ధార కారింది. రెండింటి మధ్య ఎపాక్సీ పొర ఉండేలా చూసుకోండి.

బొమ్మ ఏది చేయాలి? ‘లాస్ట్ సప్పర్’ని వదలమని నేను అనను. మొత్తం చేయవద్దంటాను. యేసుకి మన ఎడమ వైపున ఉన్న ముగ్గురి గుంపు చూడండి. యూదా వెనక్కి ఒరిగాడు, ముఖం నీడలో ఉంది, చేతిలో డబ్బు సంచి. అతని వెనక నుంచి పేతురు ముందుకి వంగాడు, చేతిలో కత్తి. పేతురు యోహాను చెవిలో ఏదో అడుగుతున్నాడు, యోహాను తల వాల్చి వింటున్నాడు. ఈ ముగ్గురినీ మాత్రమే తీసుకుంటే మీ 6×4 బోర్డు మీద దాదాపు గోడ మీద ఉన్నంత సైజులోనే పడతారు. ముఖాలు అడుగు దాకా వస్తాయి. ముఖాలు, చేతులు పొడితో, చుట్టలతో చేయండి. బట్టలు, బల్ల, వెనక గోడ మీ నట్లతో చేయండి. నట్లకి అక్కడ మంచి పని ఉంది. వెనక బోర్డుకి ఒక చోట నలుపు, ఒక చోట లేత రంగు వేస్తే నట్టు చిల్లులోంచి అది కనిపించి అదే నట్టు రెండు ఛాయలు ఇస్తుంది. డబ్బు సంచికి ఇత్తడి రవ్వలు.

బరువు కూడా తగ్గుతుంది. 8,800 నట్లు ఒక్కోటి పదకొండున్నర గ్రాముల చొప్పున 100 కిలోలు దాటతాయి, 18 ఎంఎం ప్లైవుడ్ ఇంకో 24 కిలోలు. రెండు హుక్కులకి తగిలించే బరువు కాదది. ఎలా చేసినా వెనక యాంగిల్ ఫ్రేము కట్టి, నేల మీద స్టాండు పెట్టండి.

రిఫరెన్సుకి గోడ చిత్రం ఫోటో ఒక్కటే పెట్టుకోకండి. లియొనార్డో అప్పటి పద్ధతి ప్రకారం తడి సున్నం మీద వేయలేదు. తీరిగ్గా దిద్దుకోవడానికి వీలుండాలని పొడి గోడ మీద వేశాడు. 1498 నాటికి పూర్తయింది, ఆయన బతికుండగానే పెచ్చులు లేవడం మొదలైంది. 1999లో ముగిసిన పునరుద్ధరణకే ఇరవై ఏళ్ళు పట్టింది. ముఖాల్లో చాలా భాగం పోయింది. ఆయన శిష్యుడు జాంపియెత్రీనో 1520 ప్రాంతంలో దాదాపు అసలు చిత్రమంత సైజులో గుడ్డ మీద చేసిన నకలు ఒకటి ఉంది. లండన్‌లోని రాయల్ అకాడమీది. పునరుద్ధరణ చేసినవాళ్ళు కూడా దాన్ని చూసుకున్నారు. మీరూ దాన్ని చూసుకోండి.

మీ సార్ ప్రశ్నకి ఆ నకలు కొంత జవాబు చెబుతుంది. ఆ రోజుల్లో వర్క్‌షాపులో చేరిన కుర్రవాడు మొదట చేసేది గురువు బొమ్మని మళ్ళీ వేయడమే. వేరే వస్తువులోకి మార్చడం కూడా పాత పనే. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చిలో బలిపీఠాల పైన ఉన్నవి చాలావరకు రంగుల చిత్రాలు కావు, చెమ్మకి పాడవకుండా గాజు ముక్కలతో చేసిన మొజాయిక్ నకళ్ళు. చిత్రకారుడు రఫాయెల్ వేసిన ‘ట్రాన్స్‌ఫిగరేషన్’ కూడా అక్కడ అలాగే ఉంది. ఇటలీలోనే ఉర్బీనో రాజప్రాసాదంలో 1470లలో ఒక చిన్న గది గోడలని చెక్క ముక్కలు పొదిగి చేశారు, తలుపు తెరిచిన బీరువాలో పుస్తకాలు ఉన్నట్టే ఉంటుంది. ఆ కాలపు చెక్క పొదుగు పనివాళ్ళకి ఆకుపచ్చ కావలసి వస్తే, ఒక రకం బూజు పట్టి పచ్చబడిన చెక్కని వెతికి తెచ్చేవాళ్ళు. రంగు వేయలేదు, ఆ రంగు ఉన్న చెక్కని కనిపెట్టారు.

అయినా మీ సార్ అడిగింది మంచి ప్రశ్నే, ఆయన మీద కోపం పెట్టుకోకండి. కొట్లో కొన్న కొత్త నట్లతో చేసి ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. మునీజ్ రియో దగ్గర జార్దిం గ్రమాషో చెత్తదిబ్బలో పనిచేసేవాళ్ళ చిత్రాలని అదే చెత్తతో, వాళ్ళ చేతులతోనే పేర్పించారు. ఆ చెత్తకి అక్కడ ఉండే హక్కు ఉంది. మీ నాన్నగారి లేత్ కింద పడిన చుట్టకి మీ బోర్డు మీద అలాంటి హక్కే ఉంది. నీలం చుట్ట కావాలంటే స్పీడు ఎంత పెట్టాలో మీకు తెలియదు, ఆయనకి తెలుసు. పేతురు గడ్డానికి ఏ ఛాయ కావాలో ఆయనకి తెలియదు, మీకు తెలుసు. ఆయన పక్కన నిలబడి ‘నాన్నా, ఇంకొంచెం గోధుమ రంగులో కావాలి’ అని అడిగి తీయించుకోండి. ఏ పని నుంచి ఏ చుట్ట వచ్చిందో డబ్బాల మీద రాసిపెట్టండి. పంపు షాఫ్టుదా, బుష్‌దా, పడవ ప్రొపెల్లర్‌దా అని. సార్‌కి ఆ డబ్బాలు కూడా చూపించండి.

ముందు యూదా ముఖం ఒక్కటే అడుగున్నర ముక్క మీద చేయండి. నీడ ముఖం కాబట్టి తప్పులు దాగుతాయి, చెయ్యి అలవాటవుతుంది. ఉదయం కిటికీ వెలుగులో ఒకటి, రాత్రి ట్యూబులైటు కింద ఒకటి, పది అడుగుల నుంచి ఒకటి, మూడు ఫోటోలు ఇక్కడే పెట్టండి. ఎక్కడ పొడి తగ్గించాలో చూసి చెబుతాను.